వెనక సీటు

సత్యహరిశ్చంద్రుడి పేరు పెట్టుకున్న ఊరి నుంచి అబద్ధం చెప్పి బయల్దేరిన ప్రయాణం ఇది.

2011 సంక్రాంతి సెలవులు. మా అమ్మమ్మగారిది హరిశ్చంద్రపురం. విశాఖ వైపు నుంచి పలాస పాసింజరులో వెళ్లేవాళ్లకి తిలారు దాటాక, కోటబొమ్మాళికి ముందు వచ్చే చిన్న స్టేషను. పెద్ద రైళ్లు ఆగవు. రాజకీయాలు తెలిసినవాళ్లకి మాత్రం ఆ పేరు ఇంకోలా గుర్తుంటుంది. నియోజకవర్గాల పునర్విభజనతో 2009 ఎన్నికల నాటికి మాయమైపోయిన ఒక అసెంబ్లీ సీటు పేరు అది. ఇప్పటికీ కొత్తవాళ్లు మందస దగ్గరున్న హరిపురంతో కలిపేసి, బస్సు దిగాక తల పట్టుకుంటారు.

"టెక్కలి వెళ్లి సినిమా చూసి వచ్చేస్తాం అమ్మమ్మా" అన్నాను. నాన్నగారి స్ప్లెండరు, వెనక సీట్లో మా మామయ్య కొడుకు, జేబులో నాలుగు వందలు. అసలు ప్లానేమిటంటే ఇచ్ఛాపురం దాకా వెళ్లి, ఉద్దానం అంతా చుట్టి, చీకటిపడే లోపు ఇంట్లో పడాలి. అమ్మమ్మకి అనుమానం వచ్చిందో లేదో తెలీదు. వాకిట్లోకి వచ్చి ఒకే మాటంది.

"ఎనకాల గుంటడున్నాడు. గేపకముంచుకో."

ఇరవయ్యేళ్ల వయసులో అలాంటి మాట చెవికెక్కుతుందా? హైవే ఎక్కగానే మర్చిపోయాను. అప్పటికి జనం నోట్లో అది ఇంకా ఎన్‌హెచ్ ఫైవే. బోర్డుల మీద 16 అయింది తర్వాత. నాలుగు వరసల నున్నటి రోడ్డు, ఎదురుగా జనవరి ఎండ, కుడివైపు ఎక్కడో కనబడకుండా సముద్రం. బైకు యాత్రంటే మా దృష్టిలో స్పీడోమీటరు ముల్లు ఎంతదాకా వెళ్లిందన్నదే. డెబ్బై దాటగానే హ్యాండిలు వణికేది. వెనకవాడు నా చొక్కా పట్టుకునేవాడు. అది చూసి నేను నవ్వేవాణ్ని.

టెక్కలిలో సినిమా హాలు ముందు ఒక్క నిమిషం ఆపాం, పూర్తి అబద్ధం కాకుండా. అక్కడి నుంచి తేలినీలాపురం. మీలో చాలామంది చూసే ఉంటారు. సెప్టెంబరులో వచ్చి మార్చి దాకా ఉండే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లో ఇళ్ల మధ్య చెట్ల మీదే కాపురం పెడతాయి. సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో గర్వంగా చెబుతారు. నిజానికి ఆ రెండు జాతులూ దక్షిణాసియాలోనే పుట్టి పెరిగేవి. ఆ సంగతి తెలిశాక నాకు వాటి మీద గౌరవమేం తగ్గలేదు. ఎక్కడి నుంచి వచ్చినా, పిట్టలు రాకపోతే ఊరికి మంచిది కాదనుకునే జనం ఉన్నచోటికే కదా వచ్చాయి. వాటికి మేత దొరికేది నౌపడా వైపు చిత్తడి నేలల్లో. మేమూ అటే వెళ్లాం. ఎండకు మెరుస్తున్న ఉప్పు కుప్పలు చూసి, నౌపడా స్టేషన్లో టీ తాగాం. పర్లాకిమిడి రాజావారు 1900లో ఇక్కణ్నుంచే చిన్న రైలు వేయించారు. మా అమ్మ చిన్నప్పుడు ఎక్కిన రైలు. 2004లో నేరోగేజీ ఆపేసి బ్రాడ్‌గేజీ చేశారు. అమ్మ ఇప్పటికీ ఆ రైలు గురించి చుట్టంలా మాట్లాడుతుంది.

పలాసలో ఆగలేదు. జీడిపప్పు వాసన మాత్రం బండితోపాటు కాశీబుగ్గ దాటేదాకా వచ్చింది. ఆ పప్పు ఒలిచే ఆడవాళ్ల వేళ్లు తొక్క జిడ్డుకి నల్లగా కమిలిపోతాయని అప్పటికి తెలీదు. ఇంకో సంగతీ తెలీదు. 1940లో ఇదే పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. దానికి అధ్యక్షుడిగా ఎన్నుకున్నది దేశదిమ్మరులందరికీ గురువులాంటి రాహుల్ సాంకృత్యాయన్‌ని. తిరగడం గురించి ఏకంగా ఒక శాస్త్రమే రాసిన మనిషి పేరు రైతుల ఊరేగింపుల్లో వినబడిన ఊరు మీదుగా, హారను కొట్టుకుంటూ పోయాం.

హైవే దిగి కవిటి వైపు తిరిగాక లోకం మారిపోయింది. ఉద్దానం అన్న మాట ఉద్యానవనం నుంచి వచ్చిందంటారు. రోడ్డుకి రెండువైపులా కొబ్బరి, కొబ్బరి కింద జీడి, పెరట్లో పనస. ఎండ నేలమీద పడటానికి దారి వెతుక్కోవాలి. ఇసుక నేల, సందుల్లో బండి జారుతోంది. అక్కడ ఒక తోట ముందు పెట్రోలు అయిపోయింది. ముల్లు చూసుకున్నది వేగానికే గానీ పెట్రోలుకి కాదు మరి!

తోటలోంచి ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్లుంటాయేమో. మమ్మల్నీ బండినీ కిందికీ మీదికీ చూశాడు.

"ఎవులు మీరు? ఏ కంపెనీ తాలూకు?"

మేం బిత్తరపోయాం. తర్వాత అర్థమైంది. ఆర్నెల్ల ముందే, 2010 జులై 14న, సోంపేట బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్న రైతుల మీద పోలీసు కాల్పులు జరిగి ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ చుట్టుపక్కల బైకు మీద వచ్చి తోటలకేసి చూసే కొత్త మొహమంటే ఊరికే వదలని రోజులవి. హరిశ్చంద్రపురం పేరు, తాతగారి పేరు చెప్పాక ఆయన మొహం విచ్చుకుంది. సైకిలు మీద ఎవరినో పంపి పెట్రోలు తెప్పించాడు. ఈలోగా బొండాలు దించాడు. మూడే మూడు కత్తి దెబ్బలు... బొండం నోరు తెరిచేది. నేను మూడు తాగాను. వాడు నాలుగు. డబ్బులివ్వబోతే, "మా సెట్టుకి రేటు కట్టీవోడివా నువ్వు?" అని కోప్పడ్డాడు. ఆయన్ని బాబాయి అన్నాం, ఇంట్లో ఆవిడని పిన్ని అన్నాం.

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. అమ్మమ్మ సినిమా కథేమిటని అడిగింది. బావమరిది నా మొహం చూశాడు.

ఆ రాత్రి డైరీలో రాసుకున్నది ఇప్పటికీ నా దగ్గరుంది. ఉద్దానం గురించి ఒకటే వాక్యం. "అచ్చం కోనసీమలా ఉంది." అంతే. పద్నాలుగేళ్లుగా ప్రయాణాల గురించి రాసి జీతం తీసుకుంటున్నాను గానీ, ఆ వాక్యం గుర్తొస్తే సిగ్గేస్తుంది. ఎందుకంటే ఆ రోజు పిన్ని అన్న ఇంకో మాట ఉంది. నేను వినలేదు. ఏళ్ల తర్వాత బావమరిది చెబితే తెలిసింది. మేం దాహమని చెంబెడు మంచినీళ్లు అడిగితే ఆవిడ అందట. "మా నీలు మంచివి కావంటన్నారు నాయినా. పిల్లలు, బొండం తాగండి."

మేం దాన్ని మర్యాద అనుకున్నాం.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి ఇప్పుడు తెలియనివాళ్లు లేరు. మధుమేహం లేదు, బీపీ లేదు, అయినా కిడ్నీలు మెల్లగా పాడైపోతాయి. 1990ల నుంచి డాక్టర్లు చూస్తూనే ఉన్నారు. నీళ్లన్నారు, నేలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు హూనమయ్యే పని అన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఎన్నో పరిశోధనలు జరిగాయి. ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. తేలేదాకా ఊరివాళ్లు అనుమానించేది ముందు నీళ్లనే. ఇంటికొచ్చినవాళ్లకి నీళ్లు ఇవ్వడానికి సంకోచించాల్సి రావడం తెలుగింట్లో ఎంత కష్టమో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఈ దారి గురించి ఎప్పుడో తెలుగులో రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు నాలాంటి అజాగ్రత్త మనిషి కాదు. మద్రాసు సుప్రీంకోర్టు ఉద్యోగి ఆయన. 1830 మే 18న కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. తిరుగు ప్రయాణం పూరీ, గంజాం, శ్రీకాకుళం మీదుగా, ఈ కోస్తా వెంబడే. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర' చదివితే మజిలీ మజిలీకీ ఆయన కన్ను వేటి మీద ఉందో తెలుస్తుంది. దిగడానికి చోటుందా, అంగళ్లున్నాయా, నీళ్లెలా ఉన్నాయి? వెంట పెద్ద పరివారం ఉంది మరి. వాళ్లందరూ తాగాలి. వెనకాల ఉన్నవాళ్లు గేపకమున్న మనిషి.

నేను మళ్లీ ఆ తోటకి వెళ్లింది 2018లో. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. రెండ్రోజుల తర్వాత మా ఆఫీసు నుంచి నన్నూ ఒక ఫొటోగ్రాఫరునీ పంపారు. జీపు ఊళ్లలోకి వెళ్లలేదు. రోడ్డు మీద అడ్డంగా చెట్లు. ఎవరిదో బైకు అడిగి తీసుకుని, పడిపోయిన మానుల కింద నుంచి వంగి తోసుకుంటూ వెళ్లాం. వెనక సీటు మీద బియ్యం, కొవ్వొత్తులు, బిస్కెట్లు, నీళ్ల బాటిళ్లు. ఫొటోగ్రాఫరు నడిచి వచ్చాడు.

నీడే లేదు. ఏడేళ్ల కిందట ఎండ దారి వెతుక్కున్న చోట ఆకాశం మొత్తం బోర్లించినట్టుంది. కొబ్బరిచెట్లు కొన్ని వేళ్లతో సహా, కొన్ని నడుం దగ్గర విరిగి, అన్నీ ఒకే దిక్కుకి పడుకున్నాయి. బాబాయి ఒక మాను మీద కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. పెట్రోలు సంగతి చెబితే నవ్వి, "ఈసారి బొండాలు కిందే ఉన్నాయి, ఏరుకో" అన్నాడు. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు. ఆయనకి ఆ లెక్క తెలుసు. నాకూ తెలుసు. ఇద్దరం పైకి అనలేదు. తుపాను వార్త రాశాను. మర్నాడు పేపర్లో బాగానే వేశారు.

ఇక ఈ కాలమ్‌లో అసలు చెప్పాలనుకున్నది 2024 డిసెంబరు ప్రయాణం గురించి.

ఇప్పుడు నాకు బుల్లెట్టుంది. చుట్టూ సంచులు కట్టుకోవడానికి ఇనప చట్రాలూ, చలికోటూ, మోకాళ్ల చిప్పలూ అన్నీ కొన్నాను. మిత్రులు లడఖ్ వెళ్లొచ్చి ఎన్ని వేల అడుగుల ఎత్తెక్కారో చెబుతుంటారు. నేనూ ఆ మాటలన్నీ మాట్లాడతాను. నాలుగు రోజుల సెలవు పెట్టి, వెనక సీటు మీద సంచి కట్టుకుని, ఒంటరిగా బయల్దేరాను. హరిశ్చంద్రపురంలో ఆగితే వాకిట్లోకి వచ్చి అడిగేవాళ్లు లేరు. అమ్మమ్మ పోయి అప్పటికి మూడేళ్లు.

తోటలో చిన్న చెట్లు తలెత్తాయి. ఇంటి ముందు కుళాయి ఉంది. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు ఉద్దానానికి తెచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. అదే రోజు పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కూడా ప్రారంభించారు. పిన్ని కుళాయి నీళ్లే తెచ్చి గ్లాసుతో ఇచ్చింది. ఇచ్చాక నేను తాగేదాకా చూస్తూ నిలబడింది.

బాబాయి అరుగు మీద ఉన్నాడు. సగమైపోయాడు. ఎడమ మోచేతి కింద నరం తాడులా ఉబ్బి ఉంది. డయాలసిస్ సూదుల కోసం చేసే ఆపరేషన్ అది. ఆ చేత్తో బరువెత్తకూడదు, దాన్ని ఏదీ నొక్కకూడదు. వారానికి రెండుసార్లు సోంపేట ప్రభుత్వాసుపత్రిలో నాలుగేసి గంటలు. 2019 నుంచి నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. హైదరాబాదులో వెల్డింగు పనిచేసే కొడుకు అది మానేసి వచ్చేశాడు. తీసుకెళ్లి తీసుకురావడానికి మనిషి కావాలి కదా. దొరికిన రోజు ఇక్కడే పని, దొరకని రోజు లేదు.

మర్నాడు పొద్దున్న డయాలసిస్. ఆ రాత్రి కొడుక్కి జ్వరం తగిలింది. ఆటో కోసం ఫోన్లు చేస్తున్నారు. "నేను తీసుకెళ్తాను" అన్నాను. కొడుకు నా బుల్లెట్టుకేసి చూసి, ఆ జ్వరంలోనూ నవ్వాడు.

"దీని మీదైతే ఆసుపత్రికి ఎల్లీసరికి నాన్న సగం దారిలోనే రాలిపోతాడన్నా. మా బండి తీసుకెళ్లు."

వాళ్లదీ స్ప్లెండరే.

కొడుకు వచ్చి తువ్వాలు తెచ్చాడు. బాబాయిని కూర్చోబెట్టి, ఆయన నడుం చుట్టూ, నా నడుం చుట్టూ కలిపి కట్టాడు. ముడి నా పొట్ట మీద. ఎడమ చేయి ఒళ్లో పెట్టుకోవాలి, కుడి చేత్తోనే పట్టుకోవాలి, అందుకని ఈ ఏర్పాటు. "గతుకులున్న కాడ ముందే సెప్పు, కాళ్లు బిగబట్టుకుంటాడు. తిరిగొచ్చేటప్పుడు నిద్రొస్తాది ఆయనకి. మాటాడతానే ఉండు" అని పాఠం చెప్పాడు.

బండి నడపడం వచ్చని పదిహేనేళ్లుగా అనుకుంటున్నాను. ఆ పొద్దున్న రాదని తెలిసింది. ఇరవై ఐదు దాటితే నడుం దగ్గర తువ్వాలు బిగుసుకునేది. ఒక మనిషి బరువు ఎటు ఒరుగుతోందో, ఊపిరి ఎప్పుడు బిగబడుతోందో ఆ గుడ్డ ముక్క చెబుతుంది. గతుకు ముందు చెప్పాలి, బ్రేకు మెల్లగా నొక్కాలి, స్పీడుబ్రేకరు మీద అడుగడుగుగా ఎక్కించాలి. ఇంతకుముందు ఎన్నిసార్లు ఆ దారిన పోయినా ఎన్ని గుంతలున్నాయో లెక్క తెలీదు. ఇప్పుడు కళ్లు మూసుకుని చెప్పగలను. వంతెన దిగాక ఒకటి. బడి ముందు రెండు, పక్కపక్కనే. మలుపులో ఒకటి, అది కనబడదు.

దారిలో మాలాంటి బళ్లు ఇంకో మూడు కనబడ్డాయి. ముందు కుర్రాడు, వెనక పెద్దాయన, ఒక బండి మీద పెద్దావిడ. ఎడమ చేయి ఒళ్లో. ఇరవై, ఇరవై ఐదు వేగం. ఎన్నిసార్లు వీళ్లని హారను కొట్టి దాటేసి పోయి ఉంటానో! బాబాయి ఒకరిద్దరికి తల ఊపాడు. "మంగళారం బేచీ" అన్నాడు.

ఆసుపత్రిలో పడుకోబెట్టాక నన్ను చూసి, "నాలుగ్గంటలు ఇక్కడ కూకోని ఏటి సేత్తావు? బారువ ఎల్లి సముద్రం సూసిరా. ఊర్లు సూడ్డానికి కదా వొచ్చీసినావు" అన్నాడు. వెటకారమేం లేదు. నిజంగానే పంపించాడు.

వెళ్లాను. మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు అది. ఒకప్పటి రేవు, లైట్‌హౌసు, ఇసుక మీద పడవలు. వెనక సీటు ఖాళీగా ఉంది, రోడ్డూ ఖాళీగా ఉంది. అయినా చెయ్యి యాక్సిలరేటరు తిప్పలేదు. సముద్రం బాగానే ఉంది. అరగంటలో వెనక్కి వచ్చి ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. పక్కన కూర్చున్న కుర్రాళ్ల మాటలన్నీ బళ్ల గురించే. కొత్త షాకబ్జార్బర్లు వేయిస్తే గతుకు తెలియదని ఒకడు, టైర్లలో గాలి కొంచెం తక్కువ పెట్టమని ఇంకొకడు. బైకుల గురించి అంత శ్రద్ధగా మాట్లాడేవాళ్లని ఏ రైడర్ల మీటింగులోనూ చూడలేదు.

తిరుగు దారిలో బాబాయి మెడ నా వీపు మీద వాలిపోతోంది. మాట్లాడుతూ ఉండమన్నారు కదా. ఏం మాట్లాడాలో తోచక 2011 నాటి అబద్ధం కథ చెప్పాను. టెక్కలి సినిమా, నాలుగు వందల రూపాయలు, అన్నీ. "అయితే ఆ ముసలామెకి నిజం ఎప్పుడు సెప్పినావు?" అన్నాడు.

"చెప్పలేదు."

కాసేపాగి అన్నాడు. "తెలిసే ఉంటాదిలే."

ఇంటికొచ్చాక పిన్ని బొండం కొట్టి ఇచ్చింది. మూడు దెబ్బల్లో కాదు, చాలా దెబ్బలు పట్టింది. కొత్త చెట్లకి కాచిన మొదటి గెలలోది. బాబాయికి కూడా ఇమ్మనబోయాను. ఆవిడ తల అడ్డంగా తిప్పింది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు బొండం తాగకూడదు, అందులో పొటాషియం ఎక్కువ, గుండెకి ప్రమాదం. జీడిపప్పు వద్దన్నారు, పనసపండు వద్దన్నారు. తాగే నీళ్లకి కూడా రోజుకింత అని కొలత. చిన్న స్టీలు గ్లాసు ఒకటి ఆయన పక్కనే అరుగు మీద బోర్లించి ఉంది.

"బాగుందా?" అని అడిగాడు.

"తియ్యగా ఉంది బాబాయ్."

"ఉంటాది. ఇసక నేల కదా" అన్నాడు.

నడుం దగ్గర ముడి విప్పడం నాకు చేతకాలేదు. కొడుకు దుప్పటి కప్పుకునే లేచి వచ్చి, ఒక్క లాగుతో విప్పేసి, తువ్వాలు దులిపి మడతపెట్టి హ్యాండిలుకి వేలాడదీశాడు. శుక్రవారానికి.